ఎవరూ ఎత్తని మాట

పలమనేరును ఆనుకుని ఉన్న గంగవరం మండలంలోనో, ఆ చుట్టుపక్కల బైరెడ్డిపల్లె, వి.కోట, రామకుప్పం వైపునో పొద్దుగూకాక ఏనుగుల గుంపు అడవి దిగిందంటే ఆ సంగతి ఎవరి కడుపులోనూ దాగదు. ఒకరు ఇంకొకరికి ఫోన్ చేస్తారు, డప్పులు మోగుతాయి, టపాసులు పేలతాయి, మంచె మీద కాపలా ఉన్నవాడి కేక పక్క పొలానికి అందుతుంది. తెల్లారాక టీ కొట్టు దగ్గర, పాల కేంద్రం దగ్గర ఎవరి నోట విన్నా అదే. ఎవరి చెరుకు పోయింది, ఎవరి వరి మడి తొక్కేశాయి, గున్నలు ఎన్ని, ఒంటరి ఏనుగు ఏ గుట్ట ఎక్కింది, ఇవే మాటలు. అలాంటి ఊళ్లో ఉన్న పాఠకుడు పొద్దున్నే పేపరు తెరిచి, సంపాదకీయంలో “గదిలో ఉన్న ఏనుగు గురించి మాత్రం ఎవరూ నోరు మెదపడం లేదు” అనే వాక్యం చదివాడనుకుందాం. ఏనుగు ఎదురుగా ఉంటే నోరు మెదపని మనుషులు ఏ లోకంలో ఉంటారని అతను అడిగితే తప్పు పట్టలేం. ఆ ప్రశ్న చాలా సూటైనది. ఇంగ్లీషు నుడికారాలను తెలుగులోకి తెచ్చుకునే పద్ధతిలో ఎక్కడ పొరపాటు పడుతున్నామో అది చూపిస్తుంది.

ఇంగ్లీషువాళ్లు “ది ఎలిఫెంట్ ఇన్ ద రూమ్” అన్నప్పుడు వాళ్ల మనసులో ఉండే బొమ్మ ఇది. ఒక గదిలో పదిమంది కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. అదే గదిలో ఒక ఏనుగు నిలబడి ఉంది. అది కనిపించని వాళ్లెవరూ లేరు. అటు వెళ్లేవాళ్లు దాన్ని తప్పించుకుని వెళ్తున్నారు, ఇటు వచ్చేవాళ్లు దాని తొండం కింద నుంచి వంగి వస్తున్నారు. అయినా వానల గురించీ ధరల గురించీ మాట్లాడుకుంటున్నారు తప్ప, ఏనుగు మాట ఎవరూ ఎత్తరు. ఇందులో పెద్ద సమస్య ఉండటం ఒక పాలు. అది అందరికీ తెలిసి ఉండటం ఇంకో పాలు. తెలిసి కూడా అందరూ ఒక్కటై దాన్ని తప్పించుకు తిరగడం అసలు పాలు. ఆ చివరిది తీసేస్తే నుడికారంలో ప్రాణం పోయినట్టే. మన ఇళ్లలో దీనికి ఉదాహరణ వెతకడానికి ఎంతో దూరం పోనక్కర్లేదు. వరకట్న నిషేధ చట్టం వచ్చింది 1961లో. ఇప్పటికీ ఎన్నో పెళ్లిచూపుల్లో “మాకేమీ అక్కర్లేదండీ, మీ అమ్మాయికి మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం” అనే మాటతో ఆ ప్రస్తావన ముగుస్తుంది. ఆ మాట వెనక ఎంత ఉందో అటువాళ్లకూ తెలుసు, ఇటువాళ్లకూ తెలుసు. పలహారాల రుచి గురించి మాట్లాడతారు, జాతకాల గురించి మాట్లాడతారు, దాని గురించి మాట్లాడరు. అన్నదమ్ములు ఆస్తి పంచుకోవడానికి కూర్చుంటే గట్ల లెక్క, బోర్ల లెక్క తేలుతుంది; ముసలి తల్లి ఎవరింట్లో ఉండాలన్నది మాత్రం ఎవరి నోటా రాదు. ఇంగ్లీషువాళ్లు ఏనుగు అంటున్నది సరిగ్గా దీన్నే.

అయితే ఈ ఏనుగు ఇంగ్లీషులో కూడా పుట్టుకతో ఈ అర్థంతో రాలేదు. దాని ప్రయాణం తెలిస్తే మన పని కొంత సులువవుతుంది. రష్యన్ నీతికథల రచయిత ఇవాన్ క్రిలోవ్ 1814లో ఒక కథ రాశాడు. అందులో ఒకాయన వింతవస్తువుల ప్రదర్శనశాలకు వెళ్లి, అక్కడి ఈగలు, దోమలు, గుండుసూది తలకాయంత పురుగులు అన్నీ చూసి వచ్చి మురిసిపోతూ చెబుతాడు. ఏనుగును చూశావా అని మిత్రుడు అడిగితే, అది అసలు కంటపడనే లేదంటాడు. అక్కడ ఏనుగు అంటే చిన్న విషయాల్లో మునిగిపోయి చూడకుండా వదిలేసిన పెద్ద విషయం. ఆ కథ రష్యన్ భాషలో సామెతలా స్థిరపడింది. ఇంగ్లీషులో నిఘంటుకారులు తరచూ చూపించే తొలి వాడుకల్లో ఒకటి 1959లో న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చింది. బడులకు డబ్బు సమకూర్చడం ఇంటి ముందుగదిలో ఏనుగు ఉన్నట్టుగా తయారైందని అక్కడ రాశారు. అంత పెద్దది కాబట్టి పట్టించుకోక తప్పదని దాని భావం. ఇప్పటి అర్థానికి ఇది దాదాపు తలకిందులు. మౌనం అనే అర్థం గట్టిపడింది ఆ తరువాతే, ముఖ్యంగా తాగుడు పట్టిపీడిస్తున్న కుటుంబాల గురించి అమెరికాలో రాసినవాళ్ల చేతుల్లో. తాగుబోతుల పిల్లలకు సాయపడే వారి కోసం మారియన్ టిప్పో, జిల్ హేస్టింగ్స్ 1984లో వెలువరించిన పుస్తకం పేరులోనే ముందుగదిలో ఏనుగు ఉంది. తండ్రి తాగి పడిపోయి ఉంటాడు, తల్లి ఆయనకు ఒంట్లో బాగాలేదని చెబుతుంది, పిల్లలు పక్కనుంచి నడిచి బడికి వెళ్తారు. ఆ ఇంట్లో జరుగుతున్నదాన్ని పిల్లలకు అర్థమయ్యేలా చెప్పడానికి ఏనుగు బొమ్మ అక్కరకొచ్చింది. 2006లో సామాజిక శాస్త్రవేత్త ఎవియటార్ జెరుబావెల్ ఇదే నుడికారం పేరుతో ఒక పుస్తకమే రాసి, ఒకరు మౌనంగా ఉండటం వేరు, పదిమంది కూడబలుక్కోకుండానే ఒకే విషయం మీద మౌనం పాటించడం వేరని వివరించాడు. చూడకపోవడంతో మొదలై, చూడక తప్పకపోవడం మీదుగా, చూసి కూడా అనకపోవడం దగ్గర ఈ నుడికారం స్థిరపడింది. అంటే పుట్టిన భాషల్లోనే ఈ బొమ్మ తన అర్థాన్ని తాను చెప్పుకోలేకపోయింది. వాడుక దానికి అర్థం పోసింది. ఆ వాడుక మన దగ్గర లేదు.

తెలుగులో ఏనుగుకు కొదవ లేదు. చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే అన్నప్పుడు అది విలువకు గుర్తు. పడుకున్నా గుర్రమంత ఎత్తు అన్నప్పుడు తరగని పెద్దరికానికి గుర్తు. తన నెత్తిన తానే మన్ను పోసుకుంది అన్నప్పుడు చేజేతులా చేసుకున్న చేటుకు గుర్తు. గుడ్డివాళ్లు తడిమి చూసిన ఏనుగు సగం తెలివికి, ఏనుగు తిన్న వెలగపండు కంటికి తెలియకుండా హరించుకుపోయిన సంపదకు గుర్తులు. తెలుగువాడి మనసులో అన్నిటికన్నా గాఢంగా నిలిచిన ఏనుగు పోతన గజేంద్రుడు. మడుగులో మొసలికి చిక్కి, ఎవరో ఒకరు వింటారని గొంతెత్తి మొరపెట్టుకున్న ఏనుగు అది. పోతన భాగవతం చదివినా, హరికథ విన్నా, ఏనుగు అనగానే మనకు తోచేది మొర, కేక, ఘీంకారం. మౌనం తోచదు. ఆ మాటను తెచ్చి మౌనానికి గుర్తుగా నిలబెట్టాలంటే ఇన్ని తరాల వాడుకకు ఎదురీదాలి.

ఇక్కడ ఒక విశేషం ఉంది. మన నిఘంటువుల్లో గజనిమీలనం అనే సంస్కృత సమాసం కనిపిస్తుంది. నిమీలనం అంటే కళ్లు మూయడం. ఏనుగు కళ్లు మూసుకున్నట్టు, చూసి కూడా చూడనట్టు ఉపేక్షించడం దాని అర్థం. ఇంగ్లీషువాళ్లు ఏ దోషాన్ని చెప్పడానికి ఏనుగును గదిలోకి తెచ్చారో, ఆ దోషాన్నే చెప్పడానికి మన పండితులు కూడా ఏనుగునే ఎంచుకున్నారు. పాత్రలు మాత్రం తారుమారయ్యాయి. అక్కడ ఏనుగు ఎదురుగా ఉంటే మనుషులు కళ్లు మూసుకుంటారు. ఇక్కడ కళ్లు మూసుకునేది ఏనుగే. అంత బలమున్న జంతువు తలుచుకుంటే ఏదైనా చేయగలదు, కానీ పట్టనట్టు నిలబడింది. అధికారంలో ఉన్నవాడి ఉపేక్షకు ఇంతకన్నా చక్కని మాట దొరకదు. ఒకే ఆలోచన రెండు భాషల్లో రెండు వేర్వేరు బొమ్మలు కట్టిందంటే, బొమ్మను యథాతథంగా మోసుకొస్తే ఆలోచన కూడా వెంట వస్తుందని నమ్మడం ఎంత పొరపాటో దీంతోనే తెలుస్తుంది.

“గదిలో ఏనుగు” అని తెలుగులో రాస్తే జరుగుతున్నదేమిటంటే, మౌనం జారిపోయి పరిమాణం ఒక్కటే మిగులుతోంది. చదివినవాడు దాన్ని పెద్ద సమస్య అనే అర్థంలో తీసుకుంటాడు. కొన్నాళ్లకు రాసేవాళ్లు కూడా అదే అర్థంలో రాయడం మొదలుపెడతారు. నిరుద్యోగం గదిలో ఏనుగు అంటారు, ధరల పెరుగుదల గదిలో ఏనుగు అంటారు. నిరుద్యోగం గురించి మాట్లాడని రోజు లేదు, ధరల గురించి మాట్లాడని ఇల్లు లేదు. అందరూ మాట్లాడుతున్నదాన్ని ఆ నుడికారంతో చెప్పడానికి వీల్లేదు. ఈ పొరపాటు ఇంగ్లీషు రాసేవాళ్లు కూడా చేస్తారు. అయితే అక్కడ సరైన వాడుక పక్కనే ఉండి దిద్దుతుంది, ఇక్కడ దిద్దేది ఏదీ లేదు. ఇంకొందరు దీన్ని తెల్ల ఏనుగుతో కలిపేస్తారు. తెల్ల ఏనుగు అంటే పోషణకు తలకు మించిన ఖర్చయ్యే, పనికిరాని ఆస్తి. దాని గురించి శాసనసభలో గంటల తరబడి మాట్లాడుకోవచ్చు.

దీనికి ఒక అభ్యంతరం రావడం సహజం. తెల్ల ఏనుగు కూడా బయటినుంచి వచ్చిందే కదా, మొసలి కన్నీరు వచ్చింది, ఎర్ర తివాచీ వచ్చింది, పచ్చజెండా ఊపడం వచ్చింది, ఇవన్నీ తెలుగైపోయాయి కదా, దీన్ని మాత్రం ఎందుకు ఆపాలి అని. న్యాయమైన ప్రశ్న. భాష తలుపులు మూసుకుని కూర్చోవాలని నేను అనడం లేదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతం మూడు భాషల కూడలి. ఒకవైపు తమిళం, ఒకవైపు కన్నడం వినిపిస్తూ ఉంటాయి. 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం వెలసింది కూడా ఆ కూడలితనం వల్లే. అక్కడి తెలుగుకు ఇచ్చిపుచ్చుకోవడం కొత్త కాదు. కానీ అరువు మాటలు ఎందుకు నిలిచాయో చూడాలి. పచ్చజెండా ఊపితే రైలు కదలడం మన కళ్లతో చూశాం, ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. పెద్దవాళ్ల కాళ్ల కింద తివాచీ పరవడం మనకూ మర్యాదే. తెల్ల ఏనుగు నిలిచిందీ ఇందుకే. ఏనుగును మేపాలంటే ఎంత ఖర్చో తెలుగువాడికి ముందే తెలుసు, కాబట్టి కొత్త మాట తగిలించుకోవడానికి పాత కొయ్య ఒకటి గోడకు సిద్ధంగా ఉంది. గదిలో ఏనుగుకు అలాంటి కొయ్య లేదు. బొమ్మను ఎంతసేపు చూసినా అందులోంచి మౌనం బయటికి రాదు. ఏనుగు ఇంట్లోకి ఎలా దూరిందన్న ఆశ్చర్యమే వస్తుంది.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం ఇంకొకటి ఉంది, దానికి తేలికగా జవాబు చెప్పి తప్పించుకోకూడదు. తెలుగులో చూసీ చూడనట్టు ఉండటం అనే మాట ఉంది. తెలిసీ తెలియనట్టు నటించడం ఉంది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడం ఉంది. ఇంటి విషయం బయటపెట్టుకుంటే తమకే నామోషీ అని చెప్పడానికి, కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది అనే గుండెలు పిండే సామెత ఉంది. తాగుబోతు ఇంటి మౌనాన్ని ఏ అమెరికన్ పుస్తకం కన్నా అది గట్టిగా చెబుతుంది. అయితే ఇవన్నీ మనుషుల నడవడికి పేర్లు. ఏ సంగతిని వాళ్లు దాటవేస్తున్నారో, ఆ సంగతికి పేరు పెట్టిన మాట ఏదని అడుగుతారు. ఇంగ్లీషు ఏనుగు నామవాచకం. దాన్ని వేలెత్తి చూపించవచ్చు, అదిగో అనవచ్చు. మన పొరుగున తమిళులకు నిండు గుమ్మడికాయను అన్నంలో దాచడం అనే చక్కని నుడి ఉంది, దాచినది ఏదో అక్కడ కంటికి కనిపిస్తుంది. ఈ లోటు కొంతవరకు నిజమే. కానీ తెలుగు తన పనిని తరచుగా క్రియతో చేయించుకుంటుంది. మన వాడుకలో మాట ఎత్తడం అనే క్రియ ఉంది. పెళ్లి మాట ఎత్తారు, బాకీ మాట ఎత్తొద్దు, ఆ ఊసు ఎత్తితే ఒప్పుకోడు, ఇలా రోజూ వింటాం. ఎత్తడం అనడంలోనే ఆ మాటకు బరువుందనీ, అది ఎక్కడో కింద పడి ఉందనీ, ఎవరో ఒకరు వంగి దాన్ని చేతుల్లోకి తీసుకోవాలనీ ఉంది. “ఎవరూ ఎత్తని మాట” అంటే చాలు. వస్తువూ వచ్చింది, మౌనమూ వచ్చింది, ఆ మౌనం అందరిదీ అన్నదీ వచ్చింది. ఇంగ్లీషువాళ్లు గదిలోని ఏనుగును ముందుగా పలకరిద్దాం అనే అర్థంతో మొదలుపెట్టే ప్రసంగాన్ని మనం “ముందు ఎవరూ ఎత్తని మాట ఎత్తుతాను” అని మొదలుపెడితే కుప్పం సంతలోనూ తెలుస్తుంది, హైదరాబాద్ సభలోనూ తెలుస్తుంది.

ఈ దారి కొత్తదేమీ కాదు. మద్రాసు సైన్యంలో పనిచేసిన కెప్టెన్ కార్ 1868లో ఆంధ్ర లోకోక్తి చంద్రిక పేరుతో తెలుగు సామెతలను సంకలనం చేసి, ఇంగ్లీషు అనువాదాలతో అచ్చువేయించాడు. ఒక్కో సామెతకు మాటల అర్థం చెప్పి అక్కడితో ఆగకుండా, చాలా చోట్ల దానికి సాటివచ్చే యూరప్ సామెతను వెతికి పక్కన పెట్టాడు. మన సామెతలోని మామిడి, మజ్జిగ, అల్లుడు వాళ్ల సామెతలో ఉండకపోవచ్చు. రెండు ఊళ్ల మనుషులు ఒకే అవస్థను చూసి ఏమన్నారో పక్కపక్కన పెట్టడం ఆయన చేసిన పని. బయటివాడు మన భాష పట్ల చూపిన ఆ శ్రద్ధను మనం మన భాష పట్ల చూపించలేమా? ఇంగ్లీషు వచ్చిన పాఠకుడికి గదిలో ఏనుగు ఎలాగూ అర్థమవుతుంది కదా అనేవాళ్లకు నా జవాబు కూడా ఇదే. అతనికి ఇంగ్లీషులోనే అర్థమవుతోంది, తెలుగులో కాదు. తెలుగు వాక్యం చదువుతూ మనసులో దాన్ని ఇంగ్లీషులోకి మార్చుకుంటేగానీ తెలియని మాటను తెలుగు మాట అనలేం. గజనిమీలనాన్ని రేపటి నుంచి అందరూ వాడాలని కూడా నేను కోరడం లేదు. అది ఈనాటి చాలామంది పాఠకులకు గదిలో ఏనుగు అంత అపరిచితమే.

గదిలోకి నిజంగానే ఏనుగు వస్తే ఏమవుతుందో చూపే ఉదంతం ఒకటి ఉంది. 2006లో లాస్ ఏంజెలిస్‌లో బ్యాంక్సీ అనే చిత్రకారుడు తన ప్రదర్శనలో ఒక నిజమైన ఏనుగునే గదిలో నిలబెట్టాడు. గోడకాగితం మీది పూలనే దాని ఒంటి మీద కూడా రంగులతో వేయించాడు, గోడలో కలిసిపోయినట్టు కనిపించాలని. ప్రపంచంలోని పేదరికాన్ని అందరూ చూస్తూ మాట్లాడకుండా ఉన్నారని చెప్పడం ఆయన ఉద్దేశం. జనం మాట్లాడుకున్నది మాత్రం ఆ మూగజీవానికి రంగులు పూయడం గురించి. చివరికి అధికారులు ఆ రంగు కడిగించారు. నిజమైన ఏనుగు వచ్చి నిలబడ్డాక నుడికారం మరుగున పడిపోయింది. గంగవరం, పలమనేరు ప్రాంతంలో ఇది రోజూ ఉండే స్థితి.

అలాగని ఆ ప్రాంతంలో ఎవరూ ఎత్తని మాట లేదని కాదు, ఉంది. దాదాపు 200 ఏళ్లపాటు ఏనుగులు లేని ఆ అడవుల్లోకి 1980లలో తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి మందలు తరలివచ్చాయి. 1990లో ప్రభుత్వం కౌండిన్య అభయారణ్యాన్ని ప్రకటించింది. కందకాలు తవ్వారు, సోలార్ కంచెలు వేశారు. రామకుప్పం మండలం ననియాలలో జయంత్, వినాయక్ అనే కుంకీ ఏనుగులను, అంటే శిక్షణ పొందిన ఏనుగులను, ఉంచి మందలను అడవిలోకి మళ్లించారు. 2025 మేలో కర్ణాటక నుంచి మరికొన్ని కుంకీలు వచ్చాయి. పంట పోయిన రైతుకు పరిహారం, మనిషి పోయిన ఇంటికి పరిహారం, కరెంటు తీగలకు బలైన ఏనుగులు, 2023 జూన్‌లో పలమనేరు దగ్గర రోడ్డు దాటుతూ వాహనం ఢీకొని చనిపోయిన మూడు ఏనుగులు, వీటన్నిటి గురించి మాట్లాడుతూనే ఉన్నారు. మాట్లాడాలి కూడా. చెరుకు తోట ఒక్క రాత్రిలో నేలమట్టమైన రైతుకు పరిహారం కన్నా ముందు ఇంకేదో ఆలోచించమని చెప్పే హక్కు ఎవరికీ లేదు. కానీ ఇన్ని మాటల మధ్య నేల లెక్క మాత్రం అరుదుగా వినిపిస్తుంది. పెద్ద ఏనుగుకు రోజుకు 150 కిలోల దాకా మేత కావాలి. దక్షిణ భారతంలో ఏనుగులకు రేడియో కాలర్లు కట్టి గమనించిన పరిశోధకులు ఒక్కో మంద కొన్ని వందల చదరపు కిలోమీటర్ల మేర తిరుగుతుందని తేల్చారు. కౌండిన్య అభయారణ్యం మొత్తం కలిపినా సుమారు 357 చదరపు కిలోమీటర్లు. దాని అంచుల్లోనే ఊళ్లు, పొలాలు, చెన్నై బెంగళూరు రహదారి ఉన్నాయి. కంచె ఎంత ఎత్తు కట్టినా, కందకం ఎంత లోతు తవ్వినా, ఆ మందలకు ఆ నేల చాలుతుందా అన్న ప్రశ్న అలాగే ఉండిపోతుంది. దాన్ని ఎత్తితే భూముల మాట వస్తుంది, రోడ్ల మాట వస్తుంది, మూడు రాష్ట్రాలు కలిసి కూర్చోవలసిన మాట వస్తుంది. అందుకే ఎవరూ ఎత్తరు.

పత్రికల్లో రాసేవారికి, తెరమీద వార్తలు చదివేవారికి ఒక మనవి. కలం గదిలో ఏనుగు దాకా వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆపి, ఏ మాటను ఎవరు ఎందుకు ఎత్తడం లేదో అది నేరుగా రాయండి. మీ వాక్యాన్ని గంగవరంలో కూడా చదువుతారు.